‘తిరేసియాస్ స్తనాలు’ నాటకాన్ని రంగం మీదికి ఎలా తేవాలి

ఫ్రెంచి కవి గియోమ్ అపొలినేర్ రాసిన ఈ నాటకం చదవగానే దర్శకుడి కళ్ళకు ముందు కనబడేవి బెలూన్లు. తర్వాత ఆడమనిషికి మొలిచే గడ్డం, అట్టగుర్రం మీద వచ్చే పోలీసు, ఒక్కరోజులో పుట్టిన 40,049 మంది పిల్లలు. ఇవన్నీ చేయదగ్గవే, పెద్ద ఖర్చు కూడా కాదు. నాటకం దెబ్బతినేది వీటి దగ్గర కాదు. రంగం వెనకవైపు బెంచీ మీద కూర్చుని, నోరు విప్పకుండా, తన ముందున్న వాద్యాలతో చప్పుళ్ళు చేసే ఒక పాత్ర ఉంది. కథ ఆఫ్రికాలోని జాంజిబార్‌లో జరుగుతుంది, ఆ ఒక్క మనిషి పేరు ‘జాంజిబార్ ప్రజలు’. ఆ చప్పుడు మాట మీద పడాలి. మాట అయిపోయాక పడిందంటే నవ్వు పోతుంది, చూసేవాళ్ళకు అంతా అయోమయంగా మిగులుతుంది. అందుకే పనిని అక్కణ్ణుంచే మొదలుపెట్టమంటాం.

ముందు కాస్త నేపథ్యం, నటులందరికీ చెప్పాల్సినంత. గ్రీకు పురాణంలో తిరేసియాస్ థీబ్స్ నగరంలో భవిష్యత్తు చెప్పేవాడు. జతకట్టిన పాముల్ని కర్రతో కొట్టి ఆడదిగా మారాడు, ఏడేళ్ళు అలా బతికి మళ్ళీ మగవాడయ్యాడు. దాంపత్య సుఖం ఎవరికెక్కువ అని దేవతల రాజు జూస్, అతని భార్య హీరా వాదులాడుకుని అతణ్ణి తీర్పు అడిగితే ఆడదానికే అన్నాడు. హీరా కోపంతో గుడ్డివాణ్ణి చేసింది, జూస్ భవిష్యత్తు చూసే శక్తి ఇచ్చాడు. అపొలినేర్ దీన్ని తిరగేశాడు. తెరేజ్ అనే గృహిణి పిల్లల్ని కనను పొమ్మని, స్తనాలు ఎగరేసి, తిరేసియాస్ అనే మగవాడవుతుంది. ఇంట్లో మిగిలిన మొగుడే పిల్లల్ని కనే పని నెత్తికెత్తుకుంటాడు. చివర్లో ఆమె జోస్యం చెప్పే మనిషిగా తిరిగొస్తుంది.

మొదటి ప్రదర్శన 1917 జూన్ 24న పారిస్‌లోని మోంమార్త్ర్‌లో, రెనె మోబెల్ నాటకశాలలో జరిగింది. దర్శకుడు పియెర్ అల్బేర్ బిరో, రంగాలంకరణ సెర్జ్ ఫెరా. యుద్ధకాలంలో వాయిద్యగాళ్ళు దొరకక సంగీతమంతా ఒక్క పియానోతో నడిపించారు. రచయిత అంతకు ముందు ఏడాదే తలకు ఫిరంగి తునక తగిలి బయటపడ్డవాడు. నాటకానికి తనే ‘సర్రియలిస్టు (అధివాస్తవిక) నాటకం’ అని పేరు పెట్టుకున్నాడు. ఫ్రాన్సులో జనం తగ్గిపోతున్నారన్న బెంగ అప్పట్లో నిజమైన బెంగ. ‘పిల్లల్ని కనండి’ అన్న ఈ నాటకపు ఉపదేశం నిజమా, వెక్కిరింపా అన్నది నేటికీ తేలలేదు. తేల్చకండి. నటులు మాత్రం ప్రతి మాటా నిజమని నమ్మినట్టే పలకాలి.

ప్రతి, హక్కులు

అపొలినేర్ 1918 నవంబరు 9న చనిపోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళ వరకే హక్కులుంటాయి కాబట్టి మూలానికి అనుమతి అక్కర్లేదు. కానీ ఇంగ్లీషు అనువాదాల్లో చాలావాటికి హక్కులు బతికే ఉన్నాయి. వాటి మీద ఆధారపడి తెలుగు చేస్తే ఆ అనువాదకుడి లేదా ప్రచురణకర్త అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్రెంచి తెలిసినవారిని పక్కన పెట్టుకుని మూలం నుంచే చేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఫ్రెంచి సంగీతకర్త పూలెంక్ దీన్ని ఆపెరాగా, అంటే పాటలతో నడిచే నాటకంగా కట్టాడు, 1947లో పారిస్‌లోని ఒపెరా కొమీక్‌లో ఆడారు. ఆ రికార్డింగుల్లోంచి సంగీతం ఎత్తి వాడకండి. వాటి హక్కులు వేరు, పైగా ఆ పాటల వేగానికి మీ మాటల వేగం కుదరదు.

అనువాదంలో ఒక్కచోట జాగ్రత్త. మొగుడు లోపల్నుంచి పందికొవ్వు పెట్టమని బెల్జియం యాసలో అరుస్తుంటాడు. అది పారిస్ వాళ్ళ హాస్యం. దానికి బదులు శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో పెట్టాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి తప్పకుండా వస్తుంది. వద్దనండి. అక్కణ్ణుంచి నవ్వు మొగుడి ఆకలి మీద కాక ఒక ప్రాంతం మీద పడుతుంది. మొగుడి చేత పాఠ్యపుస్తకంలాంటి తెలుగు మాట్లాడించండి, ‘నాకు పందికొవ్వు వడ్డింపుము’ అని తలుపు వెనకనుంచి గట్టిగా వినబడితే చాలు.

నటుల ఎంపిక

తెరేజ్, తిరేసియాస్, జోస్యగత్తె ముగ్గురూ ఒకే నటి. ఇద్దరికి పంచితే నాటకానికి నడుం విరిగినట్టే. పురాణంలో గుడ్డివాడు కదా అని చేతికర్రా నల్లకళ్ళద్దాలూ తగిలించకండి, ఈ నాటకానికి గుడ్డితనంతో పనిలేదు.

మొగుడు ఆడబట్టలు వేసుకుంటాడు, పోలీసు అతన్ని చూసి మనసు పారేసుకుంటాడు. ఇక్కడ మన నటుడికి సినిమా కామెడీ పూనుతుంది: నడుం తిప్పడం, గొంతు సన్నం చేయడం. స్థానం నరసింహారావు సత్యభామ వేసిన రంగస్థలం మనది. ఆడవేషం వెటకారం కానక్కర్లేదని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. లంగా కట్టక ముందు ఎలా నడిచాడో కట్టాక కూడా మొగుడు అలాగే నడవాలి, అదే గొంతుతో మాట్లాడాలి. నవ్వు దానంతటదే వస్తుంది.

‘జాంజిబార్ ప్రజలు’ పాత్రకు తాళజ్ఞానం ఉన్నవాళ్ళను తీసుకోండి, నటన రాకపోయినా పర్వాలేదు. మృదంగమో డప్పో వాయించే కుర్రాడో అమ్మాయో అయితే మరీ మంచిది. ముఖానికి నల్లరంగు పూయడం, ‘ఆఫ్రికా’ దుస్తులు వేయడం వంటివి చేయకండి. జాంజిబార్ ఫ్రాన్సులో ఒక పాచికలాట పేరు కూడా. నాటకంలో సగం ఊరు, సగం జూదం. మామూలు చొక్కా, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోవడం సరిపోతుంది.

చప్పుళ్ళ బల్ల

మూలంలో ఇచ్చిన సరంజామా ఇది: రివాల్వర్, తిత్తివాద్యం, పెద్ద డ్రమ్ము, అకార్డియన్, చిన్న డ్రమ్ము, ఉరుము, మువ్వలు, చిడతల్లాంటి కాస్టనెట్లు, పిల్లల బూర, పగిలిన పింగాణీ. బల్ల ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండాలి. పైన దళసరి దుప్పటి పరవకపోతే వస్తువు తీసి పెట్టిన ప్రతిసారీ అక్కర్లేని చప్పుడు మైకులోకి వెళ్తుంది. ఏ వస్తువు ఎక్కడుండాలో దుప్పటి మీద సుద్దతో గీయండి. చీకట్లో చెయ్యి దానంతటది వెళ్ళాలి.

రివాల్వర్‌కి ఉత్తుత్తి తూటాల తుపాకీ తేవద్దు, అనుమతుల గొడవ, చెవులకూ ప్రమాదం. రెండు టేకు చెక్కలు తీసుకోండి, ఒక్కోటి 18 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. ఒక చివర మడతబందుతో కలిపి, రెండింటికీ వెనక తలుపుపిడి బిగించండి. తెరిచి ఫట్‌మని మూస్తే గుండు పేలినట్టే ఉంటుంది. మెత్తటి చెక్క వాడితే చప్పట్లలా వినబడుతుంది.

ఉరుముకు 26 గేజీ జింకు రేకు, మూడడుగులు బై ఆరడుగులు. పై అంచును రెండు చెక్కపట్టీల మధ్య బోల్టులతో బిగించి తాడుతో వేలాడదీయండి, కింది అంచున పిడి పెట్టండి. పక్క అంచులు చేతులు కోస్తాయి, అరంగుళం మడిచి టేపు వేయించండి. రేకు నేలకు తగలకూడదు, తగిలితే ఉరుము కాస్తా డబ్బా చప్పుడవుతుంది.

పింగాణీని రంగం మీద పగలగొట్టకండి. పెంకు ఎక్కడికి ఎగిరిందో తెలియదు, తర్వాతి దృశ్యంలో ఎవరో ఒకరి కాలికి దిగుతుంది. ముందే పగలగొట్టిన రెండు కిలోల పెంకుల్ని ఒక ఇనప బకెట్లోంచి ఇంకో బకెట్లోకి గుమ్మరిస్తే చాలు. చేతులకు తోలు గ్లవ్సులుండాలి.

అకార్డియన్ దొరక్కపోతే హార్మోనియం పెట్టుకోవచ్చు, రెండూ రీడ్ల వాద్యాలే. అయితే హార్మోనియం శ్రుతి వినబడగానే మన ప్రేక్షకుడు పద్యం కోసం ఎదురుచూస్తాడు. ఆ గుర్తు మీకు కావాలంటేనే వాడండి, లేకపోతే వద్దు.

కొన్ని మాటలు మెగాఫోన్‌లో ప్రేక్షకుల వైపు అరవాలి. పాచికలు వేసే డొప్ప ఆకారంలో ఉన్న మెగాఫోన్ రంగం ముందుభాగంలో ఉంటుంది. దళసరి అట్టతో రెండున్నర అడుగుల గరాటు చేయండి, నోటి దగ్గర 3 అంగుళాలు, అవతల 14 అంగుళాలు, మీద పాచికల చుక్కలు వేయండి. బ్యాటరీ మెగాఫోన్ వద్దు. ఫుట్‌మైకు దాని గొంతు పట్టుకోగానే హాలంతా కీచుమంటుంది.

సెట్టు

మొదటి అంకం జాంజిబార్ సంతవీధి, పొద్దున. ఒకవైపు ఇల్లు, తలుపు, కిటికీ, మరోవైపు పత్రికల కొట్టు, వెనక రేవు. కొట్టు ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 1×2 అంగుళాల చెక్కచట్రం మీద 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. అమ్మే మనిషి బొమ్మే, గోడ మీద గీసి ఉంటుంది, చెయ్యి మాత్రం కదలాలి. భుజం దగ్గర ఒక్క బోల్టు, వెనకనుంచి నైలాన్ తాడు, చెయ్యి తిరిగి కిందికి పడడానికి మోచేతి వెనక వంద గ్రాముల బరువు. ఈ బరువు మరిచిపోతే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతుంది. కొట్టుకు రంగం వైపు ఒక అద్దం ఉంది. లైట్లు దాని మీద పడి మొదటి వరసవాళ్ళ కళ్ళలో కొడతాయి. పొడి సబ్బుతో అద్దాన్ని పల్చగా రుద్దండి, మెరుపు చచ్చి ప్రతిబింబం మిగులుతుంది.

పూర్వరంగంలో నాటక బృందం డైరెక్టరు, నటులకు మాటలు అందించే ప్రాంప్టర్ కూర్చునే గుంటలోంచి పైకొస్తాడు. మన హాళ్ళలో చాలావాటికి ఆ గుంట ఉండదు. రంగం అంచున, బయటికి రెండడుగుల ఎత్తు పెట్టె బిగించి, ప్రేక్షకుల వైపు మూసి, వెనకనుంచి నటుడు వంగి ఎక్కేలా చేస్తే సరిపోతుంది.

బెలూన్లు

తెరేజ్ రవిక విప్పగానే ఒక ఎరుపు, ఒక నీలం బెలూన్ బయటికొచ్చి, దారాలకు కట్టి ఉండగానే పైకి తేలాలి. ఆమె వాటిని ఆడించి, చివరికి సిగరెట్ లైటరుతో పేల్చేస్తుంది.

వీధిలో బెలూన్లమ్మేవాళ్ళ దగ్గర కొన్నవి ఇక్కడ ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. చాలాచోట్ల వాటిలో నింపేది హైడ్రోజన్. నిప్పు తగిలితే నటి ముఖం ముందే మంటముద్ద లేస్తుంది. హీలియం సిలిండర్ అద్దెకు తెచ్చుకోండి, సిలిండర్ మీద పేరు చదివి మరీ తీసుకోండి.

రెండో చిక్కు సైజు. లీటరు హీలియం సుమారు ఒక గ్రాము బరువు ఎత్తుతుంది. స్తనం సైజులో ఉన్న అయిదంగుళాల బెలూన్‌లో పట్టేది లీటరే, దాని రబ్బరు బరువే గ్రాము. అది ఎగరదు. తొమ్మిదంగుళాల బెలూన్‌లో ఆరు లీటర్లు పడుతుంది, రబ్బరు రెండు గ్రాములు పోను నాలుగు గ్రాముల బలం మిగులుతుంది, హాయిగా తేలుతుంది. అంటే స్తనాలు తొమ్మిదంగుళాలవి. ప్రహసనానికి అదే అందం. పొడవాటి నీలి గౌనుకు ముందు కుచ్చులు పెట్టించండి, లోపల బెలూన్ పట్టేంత వలసంచులు రెండు, పైన వెల్క్రో. దారం అయిదడుగులు, ఒక్కోటీ చిన్న అట్టముక్కకు చుట్టి, ఎడమ ఎరుపు, కుడి నీలం అని గుర్తు పెట్టి, చివర్లు నడుం బెల్టు ఉంగరానికి కట్టండి. విడిగా చుట్టకపోతే రెండూ పెనవేసుకుని ఒక్క గుత్తిగా లేస్తాయి.

హీలియం అసలు దొరక్కపోతే మామూలు గాలి బెలూన్లే వాడి, పై దూలం మీదుగా 0.20 మిల్లీమీటర్ల నల్ల చేపలదారంతో లాగండి. దీనికి నటి నేలమీద గుర్తు పెట్టిన చోటే నిలబడాలి, అడుగు పక్కకు వేస్తే బెలూన్ ఏటవాలుగా పోయి గుట్టు బయటపడుతుంది.

పేల్చడానికి గ్యాసు తీసేసిన లైటరు, దాని కొసకు అతికించిన గుండుసూది. ముడి దగ్గర కాకుండా బిగువుగా ఉన్న నడుం దగ్గర గుచ్చాలి. అదే క్షణాన బల్ల దగ్గర పెద్ద డ్రమ్ము మోగాలి. బెలూన్లను ప్రదర్శన రోజు సాయంత్రమే నింపండి, ఒక్కోదానికి రెండు అదనంగా. నూనె చేతులతో ముట్టుకోకండి, వేడి లైట్ల కింద పెట్టకండి. లేటెక్స్‌కు రెండూ శత్రువులే.

తర్వాత రవికలోంచి బంతులు తీసి ప్రేక్షకుల మీదికి విసురుతుంది. స్పాంజి బంతులు, రెండంగుళాలవి. రబ్బరు బంతి కళ్ళజోడుకు తగిలితే నాటకం అక్కడే ఆగుతుంది.

నీలి ముఖం, గడ్డం

తెరేజ్ ముఖం నీలంగా ఉండాలి. బెలూన్లు పేలిన కొద్దిసేపటికే గడ్డం, మీసం మొలవాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. రంగు పూసిన చర్మం మీద టేపు నిలవదు. నీళ్ళలో కలిపే రంగే వాడి, పై పెదవి మీద వేలెడు, గడ్డం కింద రెండు వేళ్ళంత చోటు రంగు లేకుండా వదిలేయండి. దూరం నుంచి కనబడదు. విగ్గుల టేపు అంటించిన మీసం, చెవులకు సన్నటి ఎలాస్టిక్‌తో తగిలే గడ్డం కిటికీ గూట్లో దాచి ఉంచితే, వెనుదిరిగి నాలుగైదు సెకన్లలో పెట్టుకోవచ్చు. మీసాలంటించే బంక, స్పిరిట్ గమ్, ఆరేదాకా ప్రేక్షకులు ఆగరు.

లైటింగ్ వాళ్ళకు ముందే చెప్పండి: లైటు ముందు పెట్టే ఎర్రటి, నారింజ రంగు జెలటిన్ రేకుల కింద నీలి ముఖం నల్లబడిపోతుంది. ఈ దృశ్యానికి తెల్లటి వెలుగు, లేదా లేత నీలం.

గుర్రం, విలేఖరి, వెలిగే తల

పోలీసు అట్టగుర్రానికి మన జాతర్లలో ఆడే కీలుగుర్రం కట్టుబడిని మించింది లేదు. వెదురు చట్రం, గుడ్డ, భుజాలకు పట్టీలు. దాని మీద అట్ట తొడిగి రంగు వేయండి. మూడు కిలోలు దాటనివ్వకండి, వింగ్స్ (రంగం పక్కల తెరలు) సందు వెడల్పు కొలిచాకే చట్రం కట్టించండి. తోక ఇరుక్కుని పోలీసు లోపలే నిలిచిపోవడం మామూలుగా జరిగే ప్రమాదం.

పారిస్ విలేఖరికి ముఖంలో నోరు తప్ప ఏమీ ఉండకూడదు, డాన్సు చేస్తూ రావాలి. లైక్రా ముసుగు కుట్టించి నోటి దగ్గర కత్తిరించండి, కళ్ళ దగ్గర అదే రంగు నెట్ వేయండి. అతనికి నీడలే కనబడతాయి, కాబట్టి మొదటి వారం నుంచే ముసుగుతో రిహార్సల్ చేయాలి. రంగం అంచుకు రెండడుగుల ఇవతల చీకట్లో మెరిసే టేపు అంటించండి.

జోస్యగత్తె హాలు వెనకనుంచి నడిచొస్తుంది, ఆమె పుర్రె విద్యుత్తుతో వెలుగుతుంటుంది. ఇళ్ళలో పండగలకు వేలాడదీసే రాగితీగ ఎల్ఈడీ దండ రెండు మీటర్లది తీసుకుని, తలకు బిగుతైన వలటోపీ మీద చుట్టి, పైన పాలరంగు పల్చటి ప్లాస్టిక్ టోపీ పెట్టండి. రెండు పెన్సిల్ సెల్స్ ఉన్న పెట్టె మెడ వెనక జుట్టులో, స్విచ్ తీగ చేతిలోకి. మెయిన్ కరెంటు దగ్గరికే రానివ్వకండి. ఆమె తలుపు దాటే ముందే హాలు లైట్లు ఆరాలి. ఆలస్యంగా ఆరితే వెలిగే తల కాస్తా పెళ్ళి అలంకారంలా ఉంటుంది.

నలభై వేల నలభై తొమ్మిది మంది

రెండో అంకం ఊయలలతో నిండి ఉండాలి. ముందువరసలో ఆరు నిజమైన ఊయలలు, వెనక వరసలో సగం సైజు అట్టబొమ్మలు, ఆ వెనక తెరమీద చుక్కల్లా గీసినవి. అసలు సంఖ్యను మోసేది ఏడుపు. చంటిపిల్లల ఏడుపు రికార్డింగును రంగం మీద, వింగ్స్‌లో, హాలు వెనక మూడు స్పీకర్లలో వేర్వేరుగా మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మొదలైతే ఒక్క బిడ్డే గట్టిగా ఏడ్చినట్టుంటుంది. మాట మొదలయ్యే ముందు పూర్తిగా ఆపాలి, తగ్గించి కింద నడపకూడదు.

కరపత్రంలో ఒక పేరాలో తిరేసియాస్ కథ ఇవ్వండి. భారతం ఆనుశాసనిక పర్వంలో భంగాస్వనుడి కథ తెలిసిన ప్రేక్షకుడికి రెండు వాక్యాలు చాలు. అతనూ ఆడదిగా మారినవాడే, మగవాడిగా వందమందికి తండ్రై, ఆడదిగా ఇంకో వందమందికి తల్లైనవాడు, ఇంద్రుడు అడిగితే తిరేసియాస్ చెప్పిన జవాబే చెప్పినవాడు.

రిహార్సల్స్

ఆరు వారాలు పెట్టుకోండి. నాటకం నిడివి గంటా గంటంపావు. మొదటి రోజు చదువుకే చప్పుళ్ళ మనిషి రావాలి, వాద్యాలు లేకపోతే బల్ల మీద వేళ్ళతో కొట్టాలి. ఏ అక్షరం మీద ఏ చప్పుడో ప్రతిలో ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. రెండో వారం చివరికి అన్ని చప్పుళ్ళూ కంఠతా రావాలి. నటుడి పెదవుల్ని చూసి కొడితే ఎప్పుడూ ఆలస్యమే, ఊపిరి తీసుకోవడం చూసి కొట్టాలి. లాకూఫ్, ప్రెస్తో అనే ఇద్దరు జూదగాళ్ళు పోట్లాడుకుని చచ్చి మళ్ళీ లేచే దృశ్యం ఈ విద్యకు మంచి కసరత్తు, రోజూ దాంతోనే మొదలుపెట్టండి.

మూడు, నాలుగు వారాల్లో కదలికలు, బట్టలు మార్చడం. మొగుడి ఆడదుస్తులకు గుండీలు తీసేసి వెనకనుంచి వెల్క్రో పెట్టండి, తాడు ముడి లాగితే ఊడేదై ఉండాలి. అయిదో వారం బెలూన్లతో కనీసం నాలుగుసార్లు. ఆఖరి వారం పూర్తి సరంజామాతో, ఆపకుండా.

ముగింపులో మొగుడు కొత్త బెలూన్లు, బంతులు తెస్తాడు, తెరేజ్ వాటిని వదిలేస్తుంది. హాల్లో వదిలితే బెలూన్లు హాలోజెన్ లైట్ల దగ్గరికి వెళ్ళి ఆఖరి పాట మధ్యలో టపటపా పేలతాయి. గుత్తికి సన్నటి చేపలదారం కట్టి, పై దూలానికి మూడడుగుల కిందే ఆగేలా వింగ్స్‌లోంచి ఒకరు పట్టుకోవాలి. తెర పడ్డాక రబ్బరు తునకలన్నీ ఏరించండి, చెక్కనేల మీద వాటంత జారేవి లేవు. పెంకుల బకెట్లకు మూత పెట్టించి, తల దీపాల సెల్స్ తీసేసి, సిలిండర్ వాల్వు కట్టారో లేదో చూసి హాలు తాళాలు అప్పగించండి.